దత్తత గొయ్యి

మా కళాశాలలో తెలుగు లెక్చరరుకు పనేమీ ఉండదని అందరికీ గట్టి నమ్మకం. ఎన్నికల డ్యూటీ నుంచి లైబ్రరీలో ఎలుకల మందు పెట్టించడం దాకా ఏది వచ్చినా ముందుగా నా పేరే గుర్తొస్తుంది. కాబట్టి ప్రతి విద్యార్థీ సమాజసేవ చేసి తీరాలనీ, చేసినట్టు ధ్రువపత్రం లేకపోతే డిగ్రీ పట్టా ఇవ్వకూడదనీ పైనుంచి ఉత్తర్వు వచ్చిన రోజున, సేవా సమన్వయాధికారి పదవి నన్ను వెతుక్కుంటూ స్టాఫ్ రూముకే వచ్చింది.

ఉత్తర్వు మంచిదే. కుర్రకారు నాలుగు మంచి పనులు చేస్తామంటే ఎవరికి చేదు? అయితే వాళ్లు నిజంగా చేస్తారన్న నమ్మకం రాసినవాళ్లకు లేదు. అందుకని కింద ఒక నిబంధన తగిలించారు. ప్రతి సేవకూ రెండు ఫొటోలు ఉండాలి. సేవకు ముందు ఒకటి, తర్వాత ఒకటి. ఫొటో లేని సేవ సేవ కాదు.

ఇక చూడండి. మా ఊరు చిన్నది, మా విద్యార్థుల సేవాభావం పెద్దది. ప్రభుత్వాసుపత్రిలో షుగరు వ్యాధితో చేరిన ఒకాయనకు బ్యాచి తర్వాత బ్యాచి వచ్చి అరటిపళ్లు ఇచ్చారు. వద్దు బాబోయ్ అంటే వినకుండా చేతిలో పెట్టి ఫొటో దిగారు. జబ్బు తగ్గకుండానే ఆయన ఇంటికెళ్లిపోయాడు. సెంటర్లో ఉన్న విగ్రహాన్ని కడిగి కడిగి కళ్లజోడు రంగు పోగొట్టారు. పారిశుద్ధ్య కార్మికులు వీధి ఊడవడానికి వస్తే మావాళ్లు చేతులు అడ్డంపెట్టి, "అక్కా, ఈ చెత్త మాకు వదిలెయ్యవా, మేం రాసి పెట్టుకున్నాం" అని బతిమాలేవారు. బజారులో చెత్త దొరక్క బి.కాం. కుర్రాళ్లు ఇళ్ల దగ్గర్నుంచి సంచుల్లో తెచ్చుకున్నారు. దాన్ని రోడ్డు మీద పోసి ఒక ఫొటో, ఊడ్చేసి ఒక ఫొటో దిగి, మళ్లీ సంచికెత్తుకుని ఇంటికి పట్టుకెళ్లారు. రేపటికి పనికొస్తుందని.

మా ప్రిన్సిపాల్ డాక్టర్ వైకుంఠరావు గారు దూరదృష్టి గల మనిషి. ఆయన ఇది గమనించి నన్ను పిలిపించారు.

"మాస్టారూ, పట్టణంలో సేవా వనరులు అడుగంటిపోతున్నాయి. ఈ వేగంతో పోతే పరీక్షల నాటికి సేవ చేయడానికి ఒక్క దుస్థితి మిగలదు. పైగా కళాశాలలకు శ్రేణులిచ్చే మూల్యాంకన బృందం వస్తోంది. సుస్థిరమైన, పునరుత్పాదకమైన దుస్థితి ఒకటి మనకు తక్షణ అవసరం."

"దుస్థితి పునరుత్పాదకం అంటే ఎలాగండీ?"

"వెతకండి. మీరు సాహిత్యం చదువుకున్నవారు."

నేను వెతకనక్కర్లేకపోయింది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తుంటే ప్రభుత్వాసుపత్రి మలుపులో నా సైకిలు ముందు చక్రం దానంతటదే దాన్ని కనిపెట్టింది. రోడ్డుకు సరిగ్గా నడుమ, మనిషి కూర్చుంటే భుజాల దాకా వచ్చే గొయ్యి. మట్టి పోస్తే నాలుగు లారీలు తిరిగేసరికి మళ్లీ తేలుతుంది. ఒక్క వాన పడితే కొత్తదానిలా తయారవుతుంది. మోకాలు తుడుచుకుంటూ వెనక్కొచ్చి ఈ సంగతి చెప్పగానే ప్రిన్సిపాల్ గారి కళ్లు మెరిశాయి.

మర్నాడే దత్తత కార్యక్రమం. గొయ్యి చుట్టూ రిబ్బను కట్టి, కొబ్బరికాయ కొట్టి, "ఈ గొయ్యి మా కళాశాల దత్తత" అని ఫ్లెక్సీ నిలబెట్టాం. ఫ్లెక్సీలో ప్రిన్సిపాల్ గారి బొమ్మ గొయ్యి కంటే పెద్దది. సోమవారం బి.ఏ., మంగళవారం బి.కాం., ఇలా టైం టేబుల్ వేశాం. వచ్చిన బ్యాచి ముందు ఫొటో దిగి, తలో తట్ట మట్టి పోసి, తర్వాత ఫొటో దిగి వెళ్లిపోయేది. మర్నాటికి గొయ్యి యథాస్థానంలో ప్రత్యక్షమయ్యేది. ఇంత నమ్మకంగా విధులకు హాజరయ్యేది మా సిబ్బందిలో కూడా ఎవరూ లేరు.

అంతా సవ్యంగా సాగుతుండగా సువార్త అడ్డుపడింది.

మల్లిపూడి సువార్త బి.ఎస్సీ. లెక్కలు, ఆఖరి సంవత్సరం. తండ్రి ఏసోబు ఆటో నడుపుతాడు. సేవ ఉత్తర్వు చదివి వినిపించిన రోజున క్లాసంతా ఉసూరుమంటే నిజంగా సంతోషించింది ఈ పిల్ల ఒక్కతే. "మంచిదే కదండీ సార్, మన ఊరు మనం కాకపోతే ఎవరు చూస్తారండీ" అంది. అప్పుడే నాకు కొంచెం భయమేసింది. ఇలా నమ్మేవాళ్లతోనే సంస్థలకు చిక్కు.

వాళ్ల బ్యాచి వంతు వచ్చినప్పుడు తట్ట పట్టుకుని నిలబడి అడిగింది. "సార్, ఇదే గొయ్యి నిన్న కూడా పూడ్చారు కదండీ?"

"పూడ్చారమ్మా."

"రేపు కూడా పూడుస్తారా అండీ?"

"పూడుస్తారు."

"అయితే ఇది పూడ్చినట్టు ఎలాగవుద్దండీ?"

లెక్కలు చదివే పిల్లలతో ఇదే బాధ. ఫొటోకి నవ్వమని చెప్పి తప్పించుకున్నాను.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక సువార్త, ఏసోబు, తాపీ పని చేసే ఆమె మేనమామ, ఇంకో ఇద్దరు స్నేహితురాళ్లు కలిసి గోతిలో నీళ్లు తోడేశారు. అడుగు దిమ్మిస కొట్టి, రాళ్లు పేర్చి, కంకరా సిమెంటూ కలిపి నింపేశారు. పైన తడి గోనెలు కప్పి చుట్టూ తుమ్మకంప పెట్టారు. సువార్త పొద్దున్నే వచ్చి గోనెలు తడిపి వెళ్లేది. దారిన పోయేవాళ్లు తుమ్మకంప చూసి, ఏదో గవర్నమెంటు పని కాబోలని పక్కనుంచి పోయారు. సెలవులు కలిసొచ్చి మా బ్యాచీలు ఆ వారం అటు పోలేదు.

సెలవులయ్యాక బి.ఏ. బ్యాచి పారలతో వెళ్లి చూస్తే గొయ్యి లేదు. ఉన్న చోట గచ్చులా చదునైన రోడ్డుంది. కుర్రాళ్లు బావురుమంటూ కాలేజీకి తిరిగొచ్చారు.

సువార్తను ప్రిన్సిపాల్ గదికి పిలిపించారు. ఆ పిల్ల మెచ్చుకుంటారనుకుని చున్నీ సర్దుకుని మరీ వచ్చింది. విచారణ సంఘంలో ప్రిన్సిపాల్ గారు, చరిత్ర హెడ్డు, నేను.

"నువ్వేం చేశావో నీకు తెలుసా?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"గొయ్యి పూడ్చానండి."

"గొయ్యిని పూడ్చడం సేవ. గొయ్యే లేకుండా చేయడం సేవావకాశాల విధ్వంసం. కళాశాల దత్తత తీసుకున్న ఆస్తిని అనుమతి లేకుండా నిర్మూలించావు. రాబోయే తరాల విద్యార్థులు ఏం పూడుస్తారని ఆలోచించావా?"

సువార్త మెల్లగా చెప్పింది. "ఆమధ్య పురిటి నొప్పులొచ్చిన ఒకావిణ్ణి మా నాన్న ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తున్నామండి. ఆ గోతిలో చక్రం దిగిపోయింది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని అరిచిన అరుపు ఇంకా చెవుల్లోనే ఉందండి. తల్లీబిడ్డా క్షేమమే, దేవుడి దయ. కానీ ప్రతిసారీ దేవుడే చూసుకోవాలా అండీ?"

చరిత్ర హెడ్డు గొంతు సవరించుకున్నాడు. "ఆ సంఘటన తాలూకు ఫొటో ఉందా?"

"లేదండి."

"పోనీ, గొయ్యి పూడ్చిన ఫొటోలు?"

సువార్త ముఖం వాడిపోయింది. "చేతుల నిండా సిమెంటండి. ఫొటో సంగతి గుర్తే లేదండి."

"అంటే సేవ జరగలేదు. విధ్వంసం మాత్రం జరిగింది" అని ప్రిన్సిపాల్ గారు తీర్పు చెప్పారు. మూల్యాంకన బృందం వచ్చేలోగా గొయ్యిని పూర్వస్థితికి తేవాలి. తేకపోతే సేవా ధ్రువపత్రం ఇవ్వరు. పత్రం లేకపోతే పట్టా లేదు. పట్టా లేకపోతే బి.ఎడ్. సీటు లేదు. ఆ పిల్లకు ప్రవేశ పరీక్షలో మంచి ర్యాంకు వచ్చింది, కౌన్సెలింగు దగ్గర్లోనే ఉంది. ఊళ్లో పిల్లలకు లెక్కలు చెప్పాలని ఆమె కోరిక. ఇదంతా మా ముగ్గురికీ తెలుసు.

"నేను తవ్వనండి" అంది సువార్త. గొంతు వణికింది గాని మాట వణకలేదు. "మళ్లీ ఎవరైనా పడితే ఆ పాపం నాది అవుద్దండి."

నాకు సిగ్గేసింది. సిగ్గు పడటానికి మా సర్వీసు రూల్సులో అవకాశం లేదు కాబట్టి మినిట్సు రాసుకుంటూ కూర్చున్నాను.

బృందం మర్నాడు వస్తుందనగా తవ్వే సేవ బి.ఏ. బ్యాచికి అప్పగించారు. కుర్రాళ్లు పలుగులతో సువార్త పూడ్చిన చోట పోటు వేస్తే టంగుమంది. ఇంకోటి వేస్తే పలుగు మొన వంగింది. ఊరి రోడ్లలో అంత గట్టి ముక్క ఉంటుందని ఎవరూ ఊహించలేదు. విసుగొచ్చి ఒకడు పక్కనే, మొన్న ఎన్నికల ముందు వేసిన రోడ్డు మీద పలుగు ఆనించాడు. ఆనించడమే తడవు, పెనం మీంచి అట్టు లేచినట్టు లేచొచ్చింది. టీ తాగొచ్చేలోపు పాతదాని కంటే లోతైన గొయ్యి తయారైంది.

మా ఆస్థాన ఫొటోగ్రాఫర్ స్టూడియో నాగూర్ అంతా తీశాడు. ముందు ఫొటోలో చక్కటి రోడ్డు, తర్వాత ఫొటోలో గొయ్యి. నేను నసిగితే, "దానికేముంది సార్, ఆల్బంలో అతికించేటప్పుడు వరస తిప్పేస్తే సరి" అన్నాడు. తవ్విన వాళ్లందరికీ ధ్రువపత్రాలు వచ్చాయి.

మూల్యాంకన బృందం వచ్చే రోజుకి ముందు రాత్రి జోరున వాన పడింది. కొత్త గోతిలో నీళ్లు నిండి రోడ్డుతో సమానంగా నిలిచాయి. వేదిక వేయడానికి ఆ మలుపులో చదునైన చోటు ఒక్కటే ఉంది. సువార్త పూడ్చిన చోటు. షామియానా దాని మీదే వేశాం. బృందం అధ్యక్షులు ఆచార్య భీమశంకరం గారి సింహాసనం కుర్చీ నాలుగు కాళ్లూ కదలకుండా ఆ సిమెంటు మీదే కూర్చున్నాయి.

ఆచార్యుల వారు లేచారు. "ఈ గొయ్యి గొయ్యి కాదు. ఇది యువతరపు పౌరస్పృహకు ప్రయోగశాల! దేశంలోని ప్రతి విద్యాసంస్థా ఇలాంటి ఒక లోతును చేరుకోవాలి!"

చప్పట్లు మోగుతుండగా ఆసుపత్రి వైపు ఒక ఆటో వచ్చింది. ఏసోబు ఆటోయే. లోపల వాళ్ల వీధిలో ఉండే ముసలామె, కంటి ఆపరేషన్ అయిన అచ్చియ్యమ్మ, కంటికి ఆకుపచ్చ గుడ్డ కట్టుకుని కూర్చుని ఉంది. పక్కన సువార్త ఆమెను పట్టుకుని ఉంది. తను పూడ్చిన రోడ్డే కదా అన్న ధీమాతో వచ్చిన ఏసోబుకి అక్కడ షామియానా అడ్డొచ్చింది. ఆటోని పక్కకు తిప్పాడు. పక్కన ఉన్నది వాననీళ్లే అనుకున్నాడు.

చక్రం దిగిపోయి ఆటో ఒరిగింది. అచ్చియ్యమ్మ బురదలో పడింది. సువార్త నుదురు కమ్మీకి కొట్టుకుని రక్తం కారింది.

మా విద్యార్థులు ఒక్క పరుగున వెళ్లారు. వెళ్లి గోతి చుట్టూ నిలబడి ఫోన్లు తీశారు.

"ఎవరూ ముట్టుకోవద్దు! ముందు ఫొటో అవలేదు!" అని బి.కాం. నాయకుడు అరిచాడు.

"ఆ వరసలో వాళ్లు కాస్త కూర్చోండి, వెనకాలోళ్లు పడట్లేదు" అన్నాడు నాగూర్. "మామ్మా, ఇటు చూడు."

"ఏ కంటితో చూడనురా నాయనా!" అంది బురదలోంచి అచ్చియ్యమ్మ.

నాగూర్ కెమెరా ఒకసారి మెరిసింది. అంతలో సువార్త రక్తం తుడుచుకోకుండానే దిగి, మామ్మ చంకల కింద చేతులు వేసి లేపేసింది. కెమెరా ఇంకోసారి మెరిసింది.

"అయ్యో, మావాళ్లెవరూ ఫ్రేములోకి రాలేదమ్మా. మామ్మగారిని మళ్లీ ఒక్కసారి కింద కూర్చోబెట్టవా?" అన్నాడు నాగూర్.

ఏసోబు బురద ఓడుతూ లేచాడు. "కూర్చోబెడతానండి బాబూ. ముందు మీ ప్రిన్సిపాల్ గోర్ని గోతిలోకి దిగమనండి. ఆరి పక్కన కూర్చోబెడతాను."

ఆచార్య భీమశంకరం గారికి ఈ కలకలం బాగా నచ్చింది. లబ్ధిదారు గొంతు వినాలని మైకు సువార్తకు ఇప్పించారు. ప్రిన్సిపాల్ గారు మైకు వైరు కోసం కళ్లతో వెతికారు గాని దొరకలేదు.

"మీరు కుర్చీ వేసుకున్న చోట గొయ్యి ఉండేదండి" అంది సువార్త. "అది మేం పూడ్చేశాం. పూడ్చేశామని వీళ్లు దీన్ని తవ్వారు. దీంట్లో మేం పడ్డాం. పడ్డాక ఫొటో తీశారు. నాకు సన్మానాలేమీ వద్దండి. రెండు బస్తాల సిమెంటు ఇప్పించండి."

అంత సూటిగా ఎవరైనా నిజం చెప్పడం ఆ మైకులో అదే మొదలు. ఇక కాలేజీ పరువు గోతిలో కలిసిందనుకున్నాను.

నాకు పెద్దవాళ్ల సంగతి తెలియదు. ఆచార్యుల వారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. "అద్భుతం! పూడ్చుట, తవ్వుట, పడుట, లేపుట! సేవను అందించేవారు, అందుకునేవారు ఇద్దరూ విద్యార్థులే! బయటి సమాజం మీద ఏమాత్రం ఆధారపడని సంపూర్ణ సేవా వలయం! నా సర్వీసులో ఇలాంటిది చూడలేదు."

మా కళాశాలకు అత్యున్నత శ్రేణి వచ్చింది. గొయ్యిని ఆదర్శ ప్రయోగంగా పరిరక్షించాలని నివేదికలో రాశారు. ప్రిన్సిపాల్ గారికి శాలువా కప్పారు. సిమెంటు ఊసు ఎవరూ ఎత్తలేదు.

తర్వాత నాగూర్ ఆల్బం తెచ్చాడు. ప్రిన్సిపాల్ గారూ నేనూ పేజీలు తిప్పుతుంటే ఒక చోట ఆయన చెయ్యి ఆగిపోయింది. ముందు ఫొటోలో బురదలో పడి ఉన్న అచ్చియ్యమ్మ. తర్వాత ఫొటోలో ఆమెను లేపి నిలబెట్టిన సువార్త, నుదుటి మీద రక్తంతో. ఆ లావుపాటి ఆల్బంలో వరస తిప్పనక్కర్లేని జత అదొక్కటే.

"నిబంధన నిబంధనే మాస్టారూ" అని నిట్టూర్చారు ప్రిన్సిపాల్ గారు. "ముందు ఉంది, తర్వాత ఉంది. ఇవ్వక తప్పదు."

సువార్తను పిలిచి ధ్రువపత్రం ఇచ్చారు. "దత్తత గొయ్యి వద్ద చేసిన విశిష్ట సేవకుగాను" అని ఉంది. ఆ పిల్ల నుదుటి మీద కట్టు ఇంకా తీయలేదు. పత్రం రెండు చేతులతో పుచ్చుకుని చదివి, "మరి ఆ గొయ్యి పూడుస్తారా సార్?" అని అడిగింది.

"నివేదికలో పరిరక్షించమని ఉందమ్మా. పూడిస్తే మన శ్రేణి పోతుంది."

"సరేనండి" అని నమస్కారం పెట్టి వెళ్లిపోయింది. అంత తేలిగ్గా సరేనన్నందుకు ప్రిన్సిపాల్ గారు సంతోషించారు. నాకెందుకో అనుమానం వచ్చింది గాని, అనుమానాలు నమోదు చేసే రిజిస్టరు మా ఆఫీసులో లేదు.

ఆదివారం గడిచింది. సోమవారం పొద్దున బి.ఏ. బ్యాచి వెళ్తే కొత్త గొయ్యి మీద తడి గోనెలు పరిచి ఉన్నాయి. చుట్టూ తుమ్మకంప ఉంది.

ప్రిన్సిపాల్ గారు అగ్గిమీద గుగ్గిలమై, ఎవరు చేశారో తేల్చమని నన్నే విచారణాధికారిగా నియమించారు. నేను ఆసుపత్రి మలుపుకు వెళ్లి, బాగా పరిశీలించి, నా జీవితంలో మొదటిసారి ఉత్తర్వును అక్షరాలా పాటిస్తూ నివేదిక రాశాను. "సదరు స్థలమున గొయ్యి పూడ్చబడినట్టు ముందు ఫొటో గాని, తర్వాత ఫొటో గాని లభ్యము కాలేదు. ఫొటో లేని సేవ సేవ కాదు కనుక, నిబంధనల ప్రకారము ఆ గొయ్యిని ఎవరూ పూడ్చలేదు. కావున గొయ్యి యథాతథముగా ఉన్నది."

ప్రిన్సిపాల్ గారు రెండుసార్లు చదివారు. శ్రేణి గుర్తొచ్చినట్టుంది, సంతకం పెట్టారు. ఇప్పుడు మా కళాశాల లెక్కలో ఆ గొయ్యి భద్రంగా ఉంది. ఫ్లెక్సీ కూడా అలాగే ఉంది. దాని పక్కనుంచి ఆటోలు కుదుపు లేకుండా ఆసుపత్రికి పోతున్నాయి.

సువార్త కౌన్సెలింగుకని రాజమండ్రి వెళ్లింది. వెళ్లేముందు బస్టాండులో కనబడి, "సార్, మీరు రోజూ ఆ మలుపులోంచే కదండీ వచ్చేది? గోనెలు ఎండిపోతే సిమెంటు బీటలిస్తుందండి. నేను వచ్చేదాకా..." అని మొహమాటంతో ఆగిపోయింది.

పొద్దున్నే సైకిలు హ్యాండిలుకి బిందె తగిలించుకుని వెళ్తున్నాను. ఆసుపత్రి కుళాయి దగ్గర పట్టి, గోనెలు తడిపి, కాలేజీకి పోతున్నాను. మొన్న నాగూర్ అటు వెళ్తూ చూసి, "సార్, అలా ఉండండి, ఒకటి తీస్తాను" అని కెమెరా ఎత్తాడు.

"తీశావంటే బిందె నెత్తిన కుమ్మరిస్తాను" అన్నాను.